బ్యాంకు మార్చింది కంపెనీ, జరిమానా మాత్రం కార్మికునికా?



మా చాల్‌లో నలభై ఖోలీలకు కలిపి నీళ్ల మోటారు మీటరు ఒకటే. నెలనెలా ఇంటింటా వసూలు చేసి, బ్యాంకులో ఎన్.ఇ.ఎఫ్.టి. ఫారం నింపి, చాల్ కమిటీ ఖాతా నుంచి కరెంటు కంపెనీ ఖాతాకు పంపడం ఆనవాయితీ. మొన్నటి బిల్లూ అలాగే కట్టాం. గడువుకు ఆరు రోజుల ముందే కట్టాం. బ్యాంకు ముద్ర వేసిన రసీదు ఉంది. అయినా నెల తిరగకముందే నోటీసు వచ్చిపడింది: బాకీ, దానిమీద ఆలస్య రుసుము, కట్టకుంటే కనెక్షన్ తొలగింపు!

విచారిస్తే తేలిందేమిటి? కంపెనీ బ్యాంకు మార్చింది. కొత్త ఖాతా నంబరును బిల్లు వెనకవైపు, చీమ తలకాయంత అక్షరాలతో, ఇంగ్లీషులో అచ్చు వేసింది. మా కోశాధికారి పుస్తకంలో రాసిపెట్టుకున్న పాత నంబరుకే పంపాడు. ఆ ఖాతా మూసేసి ఉంటే డబ్బు వెంటనే తిరిగొచ్చేది, సంగతి అప్పుడే తెలిసిపోయేది. కాని మూయలేదు. మా డబ్బు వెళ్లి కంపెనీ పాత ఖాతాలోనే పడింది. అంటే సొమ్ము వాళ్ల పెట్టెలోనే ఉంది, మా పేరున మాత్రం జమ కాలేదు!

కోశాధికారి మూడు రోజులు షిఫ్టు మానుకుని తిరిగాడు. సాంచాల మీద మీటరు లెక్కన కూలి తీసుకునేవాడు పని మానితే ఆ రోజు పగార్ సున్నా. కౌంటరులో గుమాస్తా "బ్యాంకుకు పో" అంటాడు. బ్యాంకులో "మేం పంపేశాం, కంపెనీని అడుగు" అంటారు. (ఆ గుమాస్తాను తిట్టి లాభం లేదు. అతనూ కాంట్రాక్టు మీద బతికే మనలాంటి జీతగాడే.)

ఏ కంపెనీ అని పేరు రాయడం లేదు. ఈరోజు ఇది, రేపు గ్యాసు కంపెనీ, ఎల్లుండి నీటి పన్ను. తమ సౌకర్యం కోసం తాము చేసుకున్న మార్పుకు మన చేత మూల్యం చెల్లించడం ఎక్కడి న్యాయం?

"బిల్లు మీద వేశాం కదా" అని వారి జవాబు. సరే, మన ఆంధ్రా బ్యాంకు సంగతి చూడండి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు స్థాపించిన ఆ బ్యాంకును 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేశారు. ఆ విలీనాన్ని మనం మెచ్చుకోలేదు, ఇప్పుడూ మెచ్చుకోం. అయినా పాత ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్‌లు 2021 మార్చి 31 వరకు పనిచేశాయి. ఖాతాదారునికి ఏడాది వ్యవధి దొరికింది. ఒక బ్యాంకే మాయమైపోయినప్పుడు ఏడాది ఇవ్వగలిగారు. ఒక్క ఖాతా నంబరు మార్చే కంపెనీ, పాత ఖాతాలో పడిన సొమ్మును రెండు మూడు నెలలపాటు వినియోగదారుని పేరున జమ వేయలేదా? చేతకాక కాదు, అవసరం లేదనుకుని. ఆలస్య రుసుము వాళ్లకు రాబడి, మనకు కోత.

చట్టం ఏమంటుందో తెలుసుకోండి. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం, బిల్లు కట్టకుండా నిర్లక్ష్యం చేసినవారికి కూడా పూర్తి పదిహేను రోజుల వ్యవధితో రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా కరెంటు తీయడానికి వీల్లేదు. తగాదా ఉన్నప్పుడు, వాళ్లు అడిగిన మొత్తం గాని, గత ఆరు నెలల సగటు లెక్కన వచ్చేది గాని, ఏది తక్కువైతే అది "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసి కడితే, తగాదా తేలేవరకు సరఫరా ఆపకూడదు. కంపెనీ వినకపోతే వినియోగదారుల ఫిర్యాదుల వేదిక ఉంది, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఇవేవీ నోటీసులో పెద్ద అక్షరాలతో ఉండవు. పెద్ద అక్షరాలన్నీ "తొలగింపు" అనే మాటకే!

ఇంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఇలా గుట్టుగా ఖాతాలు మారుస్తుంటే దొంగకు తలుపు తెరిచినట్టే. 2022లో "ఈ రాత్రి 9.30కు మీ కరెంటు పోతుంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని ఫోన్లకు సందేశాలు పంపి ఎందరినో దోచుకున్నారు. "మా బ్యాంకు మారింది, ఇక్కడ కట్టండి" అని రేపు వాడే రాస్తే మనవాడు ఎలా పోల్చుకుంటాడు? ఎన్.ఇ.ఎఫ్.టి.లో డబ్బు పడేది ఖాతా నంబరును బట్టే, ఫారం మీద మనం రాసిన పేరును బట్టి కాదు. డబ్బు పంపేముందు ఆ నంబరు ఎవరి పేరున ఉందో చూపే ఏర్పాటును రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ 1 నాటికి బ్యాంకులన్నీ కల్పించాలని చెప్పింది. బ్యాంకుకు వెళ్లినప్పుడు పేరు చూపమని అడగండి. ఫోన్లో వచ్చిన నంబరును నమ్మకండి, బిల్లు కట్టే ఆఫీసులో నిర్ధారించుకోండి. మోసపోతే ఆ గంటలోనే 1930కు ఫోన్ చేయండి. షోలాపూర్‌లో మార్షల్ లా పెట్టిన సంవత్సరమే ఆ నంబరు, మనవాళ్లకు మరపు రాదు.

మన లోపం కూడా ఒప్పుకుందాం. రసీదులు దాచేవాళ్లం తక్కువ. బ్యాంకువారు ఇచ్చే యు.టి.ఆర్. నంబరు బిల్లు మీద రాసి పెట్టుకుంటే ఏ గుమాస్తా "రాలేదు" అనలేడు. మా కోశాధికారి దగ్గర ఆ నంబరు ఉండబట్టే నాలుగో రోజున మా డబ్బు పాత ఖాతాలోనే ఉందని ఒప్పించగలిగాడు. ఆలస్య రుసుము మాత్రం ఇంకా రద్దు చేయలేదు. దానిమీదే ఇప్పుడు మా పోరాటం.

ఖాతా మార్చేముందు రెండు బిల్లుల పాటు ముందువైపే, మరాఠీలోనూ తెలుగువారున్న పేటల్లో తెలుగులోనూ తెలియజేయాలనీ, పాత ఖాతాలో పడిన సొమ్ముకు కట్టిన తేదీనే లెక్క వేయాలనీ, అలాంటివారిపై వేసిన రుసుము తిరిగివ్వాలనీ యూనియన్ తరఫున అర్జీ తయారైంది. ఇలాంటి నోటీసు అందినవారు దాన్ని చించేయకండి. నోటీసు, బిల్లు, బ్యాంకు రసీదు తీసుకుని ఆదివారం పొద్దున యూనియన్ ఆఫీసుకు రండి. మరాఠీలో రాసిపెట్టే మనిషి అక్కడ ఉంటాడు.