పండితుల ఎన్నికల్లో మన పిల్లల మాట

ఎన్నికలంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి మైకులు, జెండాలు, కండువాలు. ఇవేవీ లేకుండా, పత్రికల్లో ఒక్క ముక్క వార్త కూడా రాకుండా జరిగిపోయే ఎన్నికలు కూడా ఉన్నాయి. అమెరికా కేంద్రంగా పనిచేసే కంపారెటివ్ అండ్ ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ సొసైటీలో ఏటా జరిగే నాయకత్వ ఎన్నిక అలాంటిది. వివిధ దేశాల చదువులను పోల్చి చూసి పరిశోధన చేసే పండితుల సంస్థ అది. క్లుప్తంగా సీఐఈఎస్ అంటారు.

మన వారపత్రికకు దీనితో ఏం పని అని పాఠకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. జవాబు శ్రీకాకుళంలో, కడపలో, మహబూబ్‌నగర్‌లో ఉంది. అక్కడికి వచ్చేముందు ఈ ఎన్నిక ఎలా జరుగుతుందో చూద్దాం.

ఈ సంస్థ 1956లో పుట్టింది. ఏటా సభ్యులు ఓటు వేసి ఒక ఉపాధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఆ వ్యక్తి మరుసటి ఏడు కాబోయే అధ్యక్షుడిగా వార్షిక మహాసభ బాధ్యత చూస్తారు. మూడో ఏడు అధ్యక్షుడవుతారు. నాలుగో ఏడు మాజీ అధ్యక్షుడి హోదాలో సలహా ఇస్తారు. అంటే ఒక్క ఓటు నాలుగేళ్ల నాయకత్వాన్ని నిర్ణయిస్తుంది. ఎన్నికైన మరునాడే కుర్చీ ఎక్కకుండా, ముందు పని నేర్చుకుని, తరువాత నడిపించి, చివరికి పక్కకు తప్పుకొని తోడుండే ఈ పద్ధతి మాకు నచ్చింది. మన సంఘాల్లో ఇది ఎంత అరుదో పాఠకులకు తెలుసు.

ఈ నాయకులు చట్టాలు చేయరు, బడులు తెరవరు. అయితే మహాసభలో ఏ అంశం మీద చర్చ జరగాలి, ఎవరిని వేదిక మీదికి పిలవాలి అన్నది వారి చేతిలో ఉంటుంది. 1957 నుండి వస్తున్న ఆ సంస్థ పరిశోధన పత్రికకు ఈ రంగంలో మంచి పేరుంది. ఇలాంటి వేదికల మీద నలిగిన మాటలే కాలక్రమంలో యునెస్కో నివేదికల్లోకి, ప్రపంచ బ్యాంకు రుణ పత్రాల్లోకి, చివరికి మన రాష్ట్రాల విద్యాశాఖల ఫైళ్లలోకి వస్తాయి. 'అభ్యసన ఫలితాలు' అన్న మాట మన మండలాల్లోని మాస్టర్ల నోట నానడానికి ముందు ఎక్కడో ఒక సదస్సులో పుట్టింది.

ఇప్పుడు కడప సంగతి. 'యంగ్ లైవ్స్' అనే అధ్యయనాన్ని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2001-02 ప్రాంతంలో మొదలుపెట్టింది. ఇథియోపియా, పెరూ, వియత్నాం, భారతదేశం అనే నాలుగు దేశాల్లో మొత్తం 12,000 మంది పిల్లల జీవితాలను ఏళ్ల తరబడి గమనించింది. మన దేశంలో దానికి ఎంచుకున్నది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నే. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, మహబూబ్‌నగర్, కరీంనగర్, హైదరాబాద్‌లలో దాదాపు 3,000 మంది పిల్లలు. ఎనిమిదేళ్ల వయసు పిల్లల్లో ప్రైవేటు బడికి వెళ్లేవారు 2002లో నూటికి 24 మంది ఉంటే, 2009 నాటికి 44 మంది అయ్యారని, ఆ అవకాశంలో ఆడపిల్లలు, పల్లె పిల్లలు వెనుకబడ్డారని ఆ అధ్యయనం చూపించింది. ఇంచుమించు ఆ కాలంలోనే, పిల్లల ప్రగతిని బట్టి మాస్టర్లకు బోనస్ ఇస్తే చదువు మెరుగవుతుందా అన్న పరీక్ష కూడా మన రాష్ట్రపు ప్రభుత్వ బడుల్లోనే జరిగింది. దాని ఫలితాలు 2011లో ప్రపంచ ప్రసిద్ధ ఆర్థికశాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి.

ఇవి సీఐఈఎస్ నడిపిన అధ్యయనాలు కావు. కాని ఇలాంటివాటిని చర్చించి, విలువకట్టి, తరువాతి ప్రశ్న ఏమిటో తేల్చేది ఇలాంటి వేదికల మీదే. అంటే ప్రపంచ విద్యా పరిశోధనకు తెలుగు పిల్లలు కొత్తవారు కారు. వారి ఎత్తు, బరువు, చదివే వేగం, లెక్కల్లో తప్పులు అన్నీ పట్టికల్లో ఉన్నాయి. వారి తల్లిదండ్రుల మాట, వారికి చదువు చెప్పే మాస్టరమ్మ మాట ఎక్కడుంది? మేము అడిగేది ఇదే.

సీఐఈఎస్‌లో ఓటు వ్యక్తులది. సభ్యత్వం తీసుకున్నవారు ఓటు వేస్తారు. అందులో అక్రమం ఏమీ లేదు. కాని రుసుము డాలర్లలో కట్టాలి. మహాసభలు చాలావరకు ఉత్తర అమెరికా నగరాల్లో జరుగుతాయి. వీసా, విమానం టికెట్, హోటల్ ఖర్చు కలిపితే మన జిల్లా కళాశాలలో పనిచేసే అధ్యాపకుడికి కొన్ని నెలల జీతం. కాబట్టి ఓటర్ల జాబితా దానంతట అదే సంపన్న దేశాల వైపు ఒరుగుతుంది. ఎవరినీ గెంటివేయలేదు, అయినా తలుపు కొందరికే తెరుచుకుంది.

వేరే పద్ధతి కూడా ఉంది. 1970లో ఒట్టావాలో ఏర్పడిన ప్రపంచ తులనాత్మక విద్యా సంస్థల మండలిలో సభ్యులు వ్యక్తులు కారు, దేశాల, ప్రాంతాల సంస్థలు. పెద్ద సంస్థకైనా చిన్న సంస్థకైనా కార్యవర్గంలో చోటు ఉంటుంది. దక్షిణాఫ్రికాకు చెందిన క్రెయిన్ సుడియన్ దానికి అధ్యక్షుడు కాగలిగారు. మన దేశంలోనూ 1979 నుండి ఇలాంటి సంస్థ ఒకటి ఉంది. ఈ పద్ధతిలోనూ లోపాలుంటాయి. డబ్బు, మనుషులు ఉన్న సంస్థ గొంతే పెద్దగా వినిపిస్తుంది. అయినా కుర్చీ ఉన్నవాడు ఎప్పటికైనా మాట్లాడగలడు.

ఈ విషయం ఇప్పుడే ఎందుకంటే, ఆ రంగం కాళ్ల కింద నేల కదిలింది. 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం తన విద్యా పరిశోధన విభాగపు ఒప్పందాలను పెద్దఎత్తున రద్దు చేసింది. మార్చిలో అక్కడి విద్యాశాఖ ఉద్యోగుల్లో దాదాపు సగం మందిని తగ్గించే ప్రకటన, ఆ శాఖనే మూసివేసే దిశగా అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చాయి. పేద దేశాల బడులకు, పిల్లల పఠన పరీక్షలకు దశాబ్దాలుగా డబ్బిచ్చిన యూఎస్ ఎయిడ్ అదే ఏడాది జూలై 1తో ఆగిపోయింది. ఆ డబ్బుతో ఉద్యోగం చేసిన పరిశోధకులు, ఆ డబ్బుతో పుస్తకాలు అందుకున్న పిల్లలు ఇద్దరూ దెబ్బతిన్నారు.

ఇలాంటి సమయంలో ఎన్నికయ్యే నాయకులు రెండు దారుల్లో ఒకటి పట్టాలి. మిగిలిన కాస్త డబ్బు కోసం పాలకుల మనసు తెలుసుకొని ప్రశ్నలు మార్చుకోవడం ఒక దారి. డబ్బు ఎటు పోయినా పిల్లవాడి పక్షాన నిజం చెప్పడం, ఇన్నాళ్లు దూరంగా ఉంచిన దేశాల పరిశోధకులను పక్కన కూర్చోబెట్టుకోవడం రెండో దారి.

ఇక్కడే మాకు అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం గుర్తొస్తుంది. యెరూషలేము సంఘంలో రోజువారీ ఆహారం పంచేటప్పుడు గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని ఫిర్యాదు వచ్చింది. పంపకం చేసేవారు దొంగలని లూకా రాయలేదు. వారి భాష, వారి వీధి, వారి పరిచయాలు ఎటున్నాయో రొట్టె అటే వెళ్లి ఉంటుంది. అపొస్తలులు ఫిర్యాదు చేసినవారి నోరు మూయించలేదు. ఏడుగురిని ఎన్నుకోమని సంఘమంతటికీ చెప్పారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి. స్తెఫను మొదలు నీకొలాసు వరకు అన్నీ గ్రీకు పేర్లే. నీకొలాసు అయితే పుట్టుకతో యూదుడు కూడా కాడు, అంతియొకయ నుండి వచ్చి యూదుల మతంలో చేరినవాడు. ఎవరికి రొట్టె అందలేదో వారి మధ్య నుండే బల్ల దగ్గర నిలబడేవారు వచ్చారని పండితులు చాలామంది దీన్ని బట్టి గ్రహిస్తారు. ఆ తరువాతి మాటల్లోనే వాక్యం వ్యాపించిందని, శిష్యుల సంఖ్య పెరిగిందని లూకా రాశాడు.

ఒక అభ్యంతరం ఉంది. పరిశోధన పంచాయతీ రాజకీయం కాదు, రిజర్వేషన్ల లెక్క కాదు, సమర్థుడైన పండితుడు ఏ దేశంవాడైతేనేం అని కొందరంటారు. ఇందులో నిజం ఉంది. మోషేకు యిత్రో ఇచ్చిన సలహాలో మొదటి అర్హత సామర్థ్యమే. ఆ ఏడుగురికి కూడా మంచి పేరు, జ్ఞానం, ఆత్మ నింపుదల ఉండాలని అపొస్తలులు షరతు పెట్టారు. చోటు ఇవ్వడం కోసం అర్హతను తగ్గించలేదు. అర్హత పేరు చెప్పి చోటు ఎగ్గొట్టనూ లేదు. రెండూ కలిసి నడిచాయి.

తెలుగు సంఘానికి ఈ పాఠం కొత్త కాదు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టారు. గుంటూరులో హేయర్ దొరగారు బడులు తెరిచారు. ఆ మేలు మరచిపోలేం. కాని ఎన్ని బడులు, ఎంతమంది పిల్లలు, ఎంత ఖర్చు అన్న నివేదికలు సముద్రాలు దాటి వెళ్లేవి, నిర్ణయాలు అక్కడి బోర్డుల్లో జరిగేవి. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభకు 1,200 మందికి పైగా ప్రతినిధులు వస్తే, ఆసియా సంఘాలవారు ఇరవై మందికి మించలేదు. వారిలో ఒకరు, మన దోర్నకల్‌లో సేవ చేస్తున్న వి.ఎస్. అజరయ్య. మీ త్యాగానికి కృతజ్ఞతలు, కాని మాకు స్నేహితులు కావాలన్న భావంతో ఆయన మాట్లాడితే సభలో కొందరు నొచ్చుకున్నారు. రెండేళ్లకు, 1912లో, ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన కాలంలో దోర్నకల్ పల్లెల్లో సంఘం ఎంత పెరిగిందో చరిత్రకు తెలుసు.

మనవైపు తప్పును కూడా ఒప్పుకోవాలి. పీసా అనే అంతర్జాతీయ పరీక్షలో 2009 విడతకు కొనసాగింపుగా మన దేశం నుండి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పాల్గొని అట్టడుగున నిలిచాయి. ప్రశ్నలు మన పిల్లల జీవితానికి సరిపడలేదని చెప్పి దేశం తరువాతి విడతలకు దూరంగా ఉండిపోయింది. ఆ వాదనలో కొంత న్యాయం ఉండవచ్చు. కాని మన గడ్డ మీదనే, మన భాషల్లోనే జరిగే అసర్ సర్వే ఏం చెబుతోంది? 2024లో దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు నూటికి 27 మంది. కొలబద్ద పరాయిదని కోప్పడి కొలతనే మానేస్తే నష్టపోయేది పిల్లవాడే. కాబట్టి మేము కోరేది పరిశోధకులు వెళ్లిపోవాలని కాదు. కొలబద్ద తయారుచేసే చోట మనవాళ్లు కూడా ఉండాలని.

ఏ దేశంలోనైనా ఇలాంటి సంస్థకు కొత్తగా ఎన్నికయ్యేవారిని మేము కొన్ని విషయాలు అడుగుతాం. పరిశోధన ఏ ఊళ్లో జరిగిందో ఆ ఊరి భాషలో ఫలితం తిరిగి ఆ ఊరికి చేరిందా? శ్రీకాకుళం తల్లి ఇరవై ఏళ్లు మీ ప్రశ్నలకు జవాబులు చెప్పింది, మీకు తెలిసింది ఆమెకు ఎవరు చెప్పారు? పేద దేశాల యువ పరిశోధకులు సమాచారం సేకరించే కూలీలుగానే ఉంటారా, వ్యాసం మీద వారి పేరు ముందు వరుసలోకి వస్తుందా? మహాసభను వీసా భయం లేని చోటికి ఎప్పుడైనా తీసుకెళ్తారా? ప్రభుత్వానికి నచ్చని అంకెలు వచ్చినప్పుడు వాటిని దాచకుండా నిలబడతారా?

అమెరికాలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో విద్యాశాస్త్రం బోధిస్తున్న, చదువుతున్న తెలుగు విశ్వాసులకు ఒక మాట. మీలో ఇలాంటి సంస్థల్లో సభ్యత్వం ఉన్నవారుంటారు. బ్యాలెట్ వచ్చినప్పుడు పక్కన పడేయకండి. అభ్యర్థి రాసుకున్న ప్రకటన చదవండి, ఈ ప్రశ్నలు పెట్టి చూడండి. ఓటు కూడా ఒక గృహనిర్వాహకత్వమే. ఇక్కడి మన బీఎడ్ కళాశాలల అధ్యాపకులు దేశీయ సంస్థలో చేరి, తమ బడుల అనుభవాన్ని పరిశోధనగా రాయడం మొదలుపెట్టాలి. కుర్చీ అడిగేవారు చేతిలో పనితో వెళ్లాలి.

ఇక మన ఇంటి సంగతి చెప్పకుండా ముగిస్తే ఈ సంపాదకీయం వేషధారణ అవుతుంది. మన సంఘాల ఆధ్వర్యంలో బడులున్నాయి, కళాశాలలున్నాయి. వాటి కమిటీలకు ఎన్నికలు జరుగుతాయి, కొన్ని కోర్టు మెట్లు ఎక్కుతాయి. ఆ గొడవల్లో మనం వాదించుకునేది ఆస్తుల గురించి, పదవుల గురించి. ఐదో తరగతి పిల్ల చదవగలుగుతోందా అన్నది ఏ ప్యానెల్ కరపత్రంలోనూ మేము చూడలేదు. ఆ పిల్ల తల్లి, హాస్టల్లో వండిపెట్టే అక్క, చాలీచాలని జీతంతో నెట్టుకొస్తున్న టీచరమ్మ మన కమిటీల్లో ఎక్కడున్నారు? పండితుల సంస్థను అడిగిన ప్రశ్నే మన సంఘాన్నీ అడుగుతోంది. మన విధవరాండ్రు సణగడం లేదని కాదు, వినడం మనం మానేశాం.

వచ్చే కమిటీ ఎన్నికకు నామినేషన్ వేయబోయే ప్రతివారూ ముందు తమ సంఘం బడికి వెళ్లి, మూడో తరగతిలో ఒక గంట కూర్చుని, ఒక్కో పిల్లచేత ఒక్కో పేరా చదివించుకుని రావాలని మా మనవి. ఎవరికి రొట్టె అందడం లేదో అక్కడ తెలుస్తుంది. తెలిసిన తరువాత కూడా పోటీ చేయాలనిపిస్తే, ఆ పిల్లల కోసం చేయండి. ప్రభువు సంఘం మీ మీద చేతులుంచి ప్రార్థిస్తుంది.