పెట్టె ఎవరిది, పేరెవరిది?

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం మూడు భవనాలలో ఉన్నది. పడమటి భవనంలో ఐరోపా వస్తువులు, తూర్పు భవనంలో చీనా, జపాను వస్తువులు, నడిమి భవనంలో మన దేశపు వస్తువులు. విహారయాత్రకు వెళ్లిన విద్యార్థులు సంగీత గడియారం మ్రోగే వేళకు పరుగెత్తి, ముసుగు రెబెక్కాను చూసి, భోజనానికి బయటపడతారు. తప్పు పట్టుట లేదు. మా రోజులలో మేమూ అదే చేసినాము. కాని ఫ్రెంచి రాజుల కాలపు శైలిలో ఉన్న కుర్చీలు బల్లలు, జపాను లక్కపని వస్తువులు, మన బీదరు హుక్కాలు ఒకే దినమున నిదానంగా చూసినవారికి ఒక ప్రశ్న తోచక మానదు. ఈ వస్తువులకు పేరు ఎవరి వలన వచ్చినది? పని ఎవరు చేసినారు?

ఫ్రాన్సు సంగతి ముందు చెప్పుకుందాము. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు నాగసాకి రేవు నుండి జపాను లక్క పెట్టెలను ఐరోపాకు తెచ్చినారు. నల్లని నేల మీద బంగారు పొడి చల్లి తీర్చిన కొండలు, కొంగలు, దేవదారు చెట్లు. మరుసటి శతాబ్దంలో పారిస్ విలాస వర్తకులకు ఒక ఆలోచన వచ్చినది. ఆ పెట్టెలను విప్పి, పలకలను వెనుక నుండి చిత్రిక పట్టి, కాగితమంత పలుచన చేసి, వంపులు తిరిగిన తమ సొరుగుల బల్లలకు అతికించినారు. అతుకులు కనబడకుండ బంగారు పూత పూసిన కంచు తీగెలు చుట్టించినారు. పలక చాలని చోట మార్తాఁ సోదరుల పేర ప్రసిద్ధమైన ఫ్రెంచి వార్నిషుతో నకలు వేయించినారు. కొంగ తల ఒక సొరుగు మీద, కాళ్లు మరొక సొరుగు మీద పడినా వారికి చింత లేదు. 1737లో పదిహేనవ లూయీ రాణి మరియా లెష్చిన్‌స్కాకు ఫోంతెన్‌బ్లో భవనంలో అటువంటి సొరుగుల బల్ల ఒకటి అందినది. అది నేడు లూవ్రు మ్యూజియంలో ఉన్నది. ఫ్రెంచివారు ఆ బల్లను ‘కమోద్’ అంటారు. మన ఆసుపత్రులలో ఆ మాటకు వేరే అర్థమున్నది గనుక ఇంతటితో విడిచిపెట్టుచున్నాము.

ఆ జపాను పూత మన లక్క కాదు. మన లక్క మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై పురుగు పెట్టేది. జపానువారిది ఒక చెట్టు పాలు. దానిని పలుచగా పూసి, తేమగల పెట్టెలో ఆరబెట్టి, నునుపు చేసి మరల పూస్తారు. అట్లు పదులకొలది పూతలు. ఆ పాలు తగిలితే ఒళ్లు పొక్కుతుంది. మన చాకలివారు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి కూడా ఆ కుటుంబపు చెట్టే. దాని రసము తగిలినా పొక్కుతుంది, దాని నలుపూ పోదు. విచిత్రమేమనగా, ‘లాకర్’ అను ఐరోపా మాటకు మూలము మన లక్కే. పేరు మనది, పాలు జపానువి, బల్ల పారిస్‌ది.

రాణికి ఆ బల్లను అందించినవాడుగా వర్తకుడు ఎబేర్ పేరు నిలిచినది. బల్ల చేసినవాని గుర్తు బి.వి.ఆర్.బి. అను నాలుగక్షరాల ముద్ర మాత్రమే. ఆ అక్షరాలు ఎవరివో పండితులకు చాలకాలం అంతుపట్టలేదు. 1957లో గాని బెర్నార్ వాన్ రైసెన్‌బుర్గ్ అని తేలలేదు. ఇక పలక మీద కొంగను దిద్దిన జపాను శిల్పి? ఎగుమతి పెట్టెల మీద సంతకం పెట్టే వాడుక సాధారణంగా లేదు. నాలుగక్షరాలు ఉన్నవాడు ఇన్నూరేండ్లకైనా దొరికినాడు, లేనివాడు దొరకనే లేదు.

ఈ కథ న్యాల్‌కల్ వారికి ఎందుకని కొందరు అడుగవచ్చును. 1956 నవంబరు 1కి పూర్వము మన న్యాల్‌కల్ సర్కిలు బీదరు తాలూకాలోనిదే. రాష్ట్రాల పునర్విభజనతో మనము ఇటు, బీదరు అటు అయినాము. కనుక బీద్రీ పని ఒకనాడు మన తాలూకా పనియే. జింకులో కొంత రాగి కలిపి పోత పోసి, ఉలితో చెక్కి, వెండి తీగెను కొట్టి దిగవేసి, బీదరు కోట మట్టిని నవసాగరంతో కలిపి వేడి మీద రుద్దుతారు. లోహము కాటుకవలె నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే మిగులుతుంది. 1851 లండను ప్రదర్శనలో దానిని చూసి మెచ్చుకున్నారు. 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. సంతోషమే. కాని ఆ గుర్తింపు ఊరికి వచ్చినది, చేతికి రాలేదు. సాలార్‌జంగ్ అద్దాల వెనుక ఉన్న పాత హుక్కాలలో అధికభాగానికి కారీగరు పేరు ఉండదు. 2023లో షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి పద్మశ్రీ లభించినప్పుడు బీద్రీ పనివాని పేరొకటి దేశమంతట వినబడినది. అంతటి పనికి ఒక్క పేరు చాలునా?

కళ సమాజానిది, పేరు కోరుట అహంకారమని కొందరు పెద్దలంటారు. మేము ఒప్పుకొనము. పేరు లేని పనివాడు ధర అడుగలేడు. అడిగేది ఎబేరు వంటివాడే. కొనేవానికి దుకాణం పేరు తెలిసి, కారీగరు పేరు తెలియనంత కాలము లాభము దుకాణంలోనే ఆగుతుంది. ఆ కారీగరు కొడుకు ఉలి విడిచి ఆటో పట్టితే మనము ఆశ్చర్యపడవలసినది లేదు.

అందుచేత మా కోరిక చిన్నది. బీద్రీ వస్తువు కొనేవారు దానిని తిరగవేసి అడుగున గుర్తు ఉన్నదా అని చూడండి. లేకుంటే చేసినవారి పేరడిగి రసీదు మీద వ్రాయించండి. మన విద్యార్థులకు బీదరు దూరము కాదు. వచ్చే సంచికకు వారిలో కొందరు అక్కడి కార్ఖానాలకు వెళ్లి, పనివారు ఒప్పుకొన్నచో, ఎవరు పోత పోస్తారు, ఎవరు చెక్కుతారు, ఎవరు తీగె కొడతారు అని వేరువేరుగా అడిగి వ్రాసుకొని రావలెను. ఆ పేర్లు ఉర్దూ భాగంలోనూ తెలుగు భాగంలోనూ అచ్చువేయుటకు నాలుగేసి పుటలు విడిచి ఉంచమని సంపాదకవర్గమును ఇప్పుడే అడిగి ఉన్నాము.