గళ్ల వెనక చెట్టు

పీట్ మాండ్రియన్ అనగానే నల్లగీతలూ, వాటి మధ్య ఎరుపు, పసుపు, నీలం గళ్లూ గుర్తొస్తాయి. స్కేలు పెట్టి ఎవరైనా గీయొచ్చు కదా అని చాలామంది అనేస్తారు. ఆ మాట అనేముందు ఆయన తొలినాళ్ల చెట్లను ఒక్కసారి తీరిగ్గా చూడాలి.

1872లో నెదర్లాండ్స్‌లో పుట్టిన ఈ చిత్రకారుడు ముప్పై ఐదేళ్లు దాటాక కూడా గాలిమరలు, ఏటి గట్లు, పల్లె ఇళ్లు గీస్తూనే ఉన్నాడు. 1908లో మొదలుపెట్టిన ‘ఎర్రచెట్టు’లో సాయంకాలపు నీలం మీద మోడుకొమ్మలు నిప్పంటుకున్నట్టు ఎగసిపడతాయి. కాండం మీద విడివిడి కుంచె దెబ్బలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉంటాయి. 1911 నాటి ‘బూడిదరంగు చెట్టు’లో ఆ మంట చల్లారింది. కొమ్మలు విల్లులా వంగాయి. వాటి సందుల్లోని ఖాళీకి కూడా కొమ్మలంత బరువొచ్చింది. మరుసటి ఏడాది వేసిన ‘పూసిన ఆపిల్ చెట్టు’లో కాండాన్ని వెతుక్కోవాలి. మిగిలినవి వంపుగీతలే.

ఈ మూడూ హేగ్‌లోని కళా మ్యూజియంలో ఉన్నాయి. మాకు వీటిలో మధ్యదే ఎక్కువ ఇష్టం. చెట్టును వదల్లేని చెయ్యి, గీత వైపు లాగుతున్న మనసు ఒకే కాన్వాసు మీద పెనుగులాడటం అందులో కనిపిస్తుంది. దాన్ని చూసొచ్చిన కంటికి ఆ తర్వాతి గళ్లలోని ప్రతి నిలువుగీతా ఒకప్పటి కాండంలా, ప్రతి అడ్డగీతా చాచిన కొమ్మలా తోస్తుంది.