పగడాన్ని కాపాడాలంటే ముందు పడవవాళ్లతో మాట్లాడాలి

ఫిషరీస్, మెరైన్ బయాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్... ఏది చదివినా చివరికి ఒకటే ప్రశ్న: ‘మాకు ఉద్యోగాలేవీ?’ ఉన్నాయి. కాకపోతే ఆ కొలువులకు డిగ్రీ ఒక్కటే చాలదు. మనుషులతో మాట్లాడటం రావాలి. నమ్మకం కుదరకపోతే ఫిలిప్పీన్స్‌లోని అపో దీవి సంగతి చూడండి.

75 హెక్టార్లు కూడా లేని దీవి అది. 1970ల్లో అక్కడ చేపలు దొరకడం కష్టమైపోయింది. డైనమైట్, సైనైడ్ వేట పగడపు దిబ్బలను పాడు చేసింది. దిబ్బ పోతే చేపపిల్లకు గూడు పోయినట్టే. సిల్లిమన్ యూనివర్సిటీ శాస్త్రవేత్త ఏంజెల్ అల్కాలా బృందం అక్కడికొచ్చి, ‘వేట నిషిద్ధం’ అని బోర్డు పాతి వెళ్లిపోలేదు. మూడేళ్లు మాట్లాడింది. అప్పటికే కొంతమేర వేట ఆపిన సుమిలాన్ దీవికి జాలర్లను తీసుకెళ్లి, పెరిగిన చేపల్ని కళ్లారా చూపించింది. 1982లో 14 కుటుంబాలు ముందుకొచ్చి, తీరం వెంట 450 మీటర్ల మేర వేట మానేశాయి. వంతులవారీగా కాపలా కాశాయి. లోపల పెరిగిన చేపలు బయటికీ రావడంతో మిగతావాళ్లూ కలిశారు. ఆ తర్వాత డైవర్లొచ్చారు, బసలు వెలిశాయి, పడవలకు గిరాకీ పెరిగింది. అల్కాలాకు 1992లో రామన్ మెగసెసే అవార్డు దక్కింది.

అంతా సాఫీగా సాగిందనుకోకండి. 1994లో జాతీయ రక్షిత ప్రాంతంగా ప్రకటించాక పెత్తనం ప్రభుత్వం చేతికెళ్లింది. తమ మాట చెల్లడం లేదని దీవివాళ్లు నొచ్చుకున్నారు. 2011, 2012 తుపాన్లు వాళ్లు కాపాడుకున్న దిబ్బనే దెబ్బతీశాయి. ఊరి కాపలా తుపానునీ, వేడెక్కే సముద్రాన్నీ ఆపలేదు. కానీ ఊరివాళ్లను పక్కనపెట్టి చేసే సంరక్షణ కాగితం దాటదు.

మరి మనకేం సంబంధం? లక్షద్వీప్ జాలర్లు గాలంతో ట్యూనా పడతారు. దానికి ఎరగా వాడే చిన్నచేపలు పగడాల మధ్య ప్రశాంతంగా ఉండే నీళ్లలోనే దొరుకుతాయి. పగడం చస్తే వాళ్ల జీవనోపాధి పోతుంది. అండమాన్‌లోనూ పగడాలున్నాయి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు మత్స్యకారులూ ఉన్నారు. అక్కడ మీ భాషే మీకు అదనపు అర్హత. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడే ముప్పుంటే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక పడవ దాకా, పడవవాళ్ల అనుభవం శాస్త్రవేత్త దాకా చేరాలంటే మధ్యలో ఒకరుండాలి. ఆ ఒక్కరూ మీరే ఎందుకు కాకూడదు?

నిజం చెప్పాలంటే ఇవి ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలు. గడువుంటుంది, జీతం సాఫ్ట్‌వేర్ స్థాయిలో ఉండదు. తెలిసే దిగండి. దిగేముందు ఈత నేర్చుకోండి. సెలవుల్లో ఉప్పాడలోనో, భీమిలిలోనో తెల్లవారుజామున ఒడ్డుకెళ్లి నిలబడండి. ఏ చేప ఎంత పడింది, ఎంతకు పోయింది, పదేళ్ల కిందట ఎలా ఉండేది... అడిగి రాసుకోండి. చేపలకు వాళ్లు పిలిచే పేర్లు నేర్చుకోండి. ఒక నెల పాటు శ్రద్ధగా నింపిన నోట్‌బుక్ రెజ్యూమెలో ఉంటే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సొంత సరుకున్నట్టే.

ముందు వినడం నేర్చుకోండి. ‘మీరిలా చేయాలి’ అని చెప్పే హక్కు ఆ తర్వాతే వస్తుంది.