సికింద్రాబాదు స్టేషను చరిత్రలో మన సిద్దిపేట

రైల్వే స్టేషను చరిత్ర అనగానే భవనం చరిత్ర అని భావించడం మనకు అలవాటైపోయింది. గుమ్మటాలెన్ని, కమానులు ఏ శైలికి చెందినవి, ఏ ప్రభువు కాలంలో కట్టినవి అన్న వివరాలతోనే ఆ చరిత్ర ముగిసిపోతున్నది. ఎవరి ధనంతో, ఎవరి అవసరం కోసం, ఏ ఊళ్లను కలుపుతూ, ఏ ఊళ్లను విడిచిపెడుతూ ఆ స్టేషను వెలసిందన్న ప్రశ్నలను అడిగేవారు అరుదు. సికింద్రాబాదు స్టేషను విషయంలో ఈ ప్రశ్నలను అడగవలసిన బాధ్యత, అందరికంటే ఎక్కువగా, సిద్దిపేట వాసులమైన మనపైనే ఉన్నది.

బొంబాయి, మద్రాసు నగరాలను కలిపే రైలుమార్గం మీది వాడి జంక్షను నుండి సికింద్రాబాదుకు 1874 అక్టోబరులో రైలు నడిచింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ అప్పటికి బాలుడు. రాజ్యభారం వహించినవాడు మొదటి సాలార్‌జంగ్. రాజధాని హైదరాబాదు కాగా, రైలు చేరింది సికింద్రాబాదుకు. అక్కడ ఆంగ్లేయుల దండు విడిసి ఉండడమే ఇందుకు ముఖ్య కారణం. అవసరంలో అధిక భాగం దండుది, వ్యయభారం నిజాం రాజ్యానిది. రాజ్యపు ఆదాయమంటే అంతిమంగా రైతు చెల్లించిన శిస్తే కదా! కనుక సికింద్రాబాదు కమానుల కింద మన పల్లెల చెమట కూడా ఉన్నదనడం అతిశయోక్తి కానేరదు.

ఈ సత్యాన్ని ఆనాడే గుర్తించిన విజ్ఞులున్నారు. 1883లో చాందా రైల్వే పథకం చర్చకు వచ్చినపుడు, దాని షరతులను ప్రజల ముందు ఉంచాలని కోరినవారిలో అఘోరనాథ చటోపాధ్యాయ ప్రముఖుడు. సరోజినీ నాయుడుకు తండ్రి అయిన ఆ ఆచార్యుని ప్రభుత్వం రాజ్యం నుండి బహిష్కరించింది. ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఆయన పక్షాన నిలిచినాడు. మతం వేరైనా, మాతృభాష వేరైనా, ప్రజాధనం ఎక్కడికి పోతున్నదని వారు కలిసి అడిగిన ప్రశ్న ఒక్కటే. మన విద్యార్థులు వీరి పేర్లను గుమ్మటాల లెక్కకంటే ముందుగా తెలుసుకోవాలి.

అటుపై లండనులో మూలధనం సేకరించిన కంపెనీకి నిజాం ప్రభుత్వం వడ్డీ హామీ ఇచ్చింది. ‘గ్యారంటీడ్’ అన్న మాట ఆ కంపెనీ పేరులోనే నిలిచింది. రైలు 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. మార్గమధ్యంలోని డోర్నకల్లు నుండి ఇల్లెందు బొగ్గుగనులకు ఒక శాఖ సాగింది. శతాబ్దపు సంధికాలంలో మేడ్చల్, కామారెడ్డి, నిజామాబాదుల మీదుగా మన్మాడుకు మరొక మార్గం పడింది. 1916లో కాచిగూడ స్టేషను వెలసింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుండి రైల్వేను స్వాధీనం చేసుకున్నది. భారత ప్రభుత్వపు ఏలుబడిలో, 1966 అక్టోబరు 2న, సికింద్రాబాదు దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రమైంది.

ఇంత విస్తరణలోనూ సిద్దిపేట రెండు మార్గాల నడుమ మిగిలిపోయింది. గొల్లభామ చీరలు నేసిన ఈ ఊరి సరుకు బండ్ల మీద, ఆ తర్వాత మోటార్ల మీద, రోడ్డు వెంటనే పోయింది. చివరికి 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుండి సికింద్రాబాదుకు రైలు ప్రారంభమైంది. 1874 నుండి లెక్కిస్తే 149 సంవత్సరాలు! మనోహరాబాదు నుండి కొత్తపల్లి వరకు 151 కిలోమీటర్లుగా తలపెట్టిన ఈ మార్గానికి భూమిని, వ్యయంలో మూడవ వంతును రాష్ట్రమే భరించేటట్లు ఒప్పందం జరిగింది. కాలం మారినా, రైలు కావలసిన నేల తన వంతు చెల్లించవలసే వచ్చింది. మనోహరాబాదు దాటిన మన రైలు సాగేది ఆ పాత మన్మాడు మార్గం వెంబడే అన్నది గమనార్హం.

అయితే మన రైలు చేరిన ఏడాదిన్నర లోపే ఆ స్టేషను రూపం మారిపోయింది. పునర్నిర్మాణంలో భాగంగా 2025 ఆరంభంలో పాత ప్రధాన భవనాన్ని కూల్చివేశారు. దినదినం పెరిగే రద్దీకి విశాలమైన వసతి కావాలన్నది నిర్వివాదం. వృద్ధులకు, వికలాంగులకు మెట్లెక్కే బాధ తప్పించే కట్టడాన్ని కాదనేవారుండరు. కాని భవనానికి ప్రత్యామ్నాయం ఉన్నది, జ్ఞాపకానికి లేదు. రాయి పోయినపుడు మాటయినా మిగలాలి. ఆ మాటను మిగిల్చే పని గుత్తేదారుది కాదు, విద్యావంతులది.

ఈ పనికి మన కళాశాల మిక్కిలి తగినది. నిజాం ప్రభుత్వపు కాగితాలు అనేకం ఉర్దూలో, ఫార్సీలో రాష్ట్ర పురాలేఖన భాండాగారంలో ఉన్నాయి. పట్టాలు మోసినవారి, టికెట్టు కొని ఎక్కినవారి జ్ఞాపకాలు తెలుగులో, ఉర్దూలో పెద్దల నోళ్లలో ఉన్నాయి. ఒక్క భాషే తెలిసినవాడు సగం చరిత్రనే చదవగలడు. ఈ రెండు భాషలూ ఒకే ప్రాంగణంలో వినిపించే విద్యాలయం మనది. పాఠ్యాంశాలలో లేదన్న కారణంతో ఈ సంపదను వదులుకోవడం అవివేకం.

ఇది పెద్ద పథకమేమీ కాదు. సిద్దిపేట స్టేషను చరిత్ర ఇంకా మొదటి పుటలోనే ఉన్నది. ఈ పట్టాల కింది నేల మొన్నటివరకు ఎవరి మడి, ఎవరి చెలక? నష్టపరిహారంగా వారికి లభించినదెంత? మొదటి రైలును చూడడానికి వచ్చిన ముసలమ్మ ఏమన్నది? దుద్దెడ, గజ్వేలు ప్రాంతాల విద్యార్థులు తమ ఇండ్లలోనే అడిగి వ్రాయగల సంగతులివి. కళాశాల కమిటీ వారు గ్రంథాలయంలో ఒక బీరువాను, ఈ సంచికలో ఏటా నాలుగు పుటలను ఇందుకై కేటాయించవలసిందిగా విన్నవిస్తున్నాను.

సికింద్రాబాదు స్టేషనుకు రాళ్లెత్తిన కూలీలలో ఒక్కరి పేరైనా మనకు తెలియదు. సిద్దిపేట స్టేషను విషయంలో రేపటి తరం మనలను అదే మాట అనకుండా చూసుకోవడం ఇంకా మన చేతిలోనే ఉన్నది.