టిఫిన్ డబ్బాలో ఆటల పెట్టె

గత వేసవి సెలవుల్లో మా ఇంట్లో ప్రతి సాయంత్రం ఒకే సంభాషణ నడిచేది. "ఫోను పక్కన పెట్టు" అని మేము; "ఈ ఒక్క ఆట అయిపోగానే" అని మా అబ్బాయి. ఆ ఒక్క ఆట ఎన్నటికీ అయ్యేది కాదు. మే నెలలో తిరుపతి ఎండకు పిల్లలను బయటికి పంపలేము. ఇంట్లో ఉంచితే వారి చూపు తెరను వీడదు. ఈ శీర్షిక చదివే తల్లిదండ్రులలో చాలామందికి ఇది పరిచితమైన బాధే అనుకుంటాము.

ఒకరోజు అసర్ నమాజు తర్వాత వాడు మా ఎదుట ఒక ప్రతిపాదన ఉంచాడు. "అబ్బా, ఫోను మీకే ఇచ్చేస్తాను. దానికి బదులు ఆటల యంత్రాన్ని నేనే తయారు చేసుకుంటాను. ఒప్పుకుంటారా?" తొమ్మిదో తరగతికి వెళ్లబోయే పిల్లవాడి మాటకు మాకు మొదట నవ్వు వచ్చింది. అయితే వాడి మాటకు ఒక ఆధారముంది. వాడి పాఠశాలలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది. నీతి ఆయోగ్ 2016లో ప్రారంభించిన పథకం కింద, 6 నుంచి 12వ తరగతి వరకు చదివే పిల్లలు స్వహస్తాలతో పరికరాలు తయారు చేయడం నేర్చుకోవాలని దేశమంతటా ఇటువంటి ప్రయోగశాలలు వెలిశాయి. అక్కడే వాడు సోల్డరింగ్ నేర్చుకున్నాడు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరును చూసిందీ అక్కడే.

ఈ పరికరం కథ తల్లిదండ్రులు తెలుసుకోదగినది. కంప్యూటర్ శాస్త్రం చదవడానికి వస్తున్న విద్యార్థుల సంఖ్యా, వారి ప్రావీణ్యమూ తగ్గుతున్నాయని ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు గమనించారు. పిల్లలకు కంప్యూటరు వాడటం వచ్చు గానీ దానికి ఆజ్ఞలు రాయడం రావడం లేదు. పాడైపోతుందన్న భయం లేకుండా పిల్లలు ప్రయోగాలు చేయగల చవకైన కంప్యూటరు కావాలని వారు తలపెట్టారు. 2012 ఫిబ్రవరి 29న మొదటి రాస్ప్‌బెర్రీ పై అమ్మకానికి వచ్చింది. 2015 నవంబరులో 5 డాలర్లకే జీరో అనే చిన్న బోర్డును విడుదల చేసి, ఒక పత్రిక ముఖచిత్రానికి అంటించి పాఠకులకు ఉచితంగానూ ఇచ్చారు. 2021 అక్టోబరులో వచ్చిన జీరో 2 డబ్ల్యూ పొడవు 65 మిల్లీమీటర్లు, వెడల్పు 30. అరచేతిలో సగం కూడా నిండదు. మా అబ్బాయి కోరింది దీనినే.

వాడి కోరిక మమ్మల్ని మా బాల్యంలోకి తీసుకెళ్లింది. రాయలసీమ నుంచి కువైట్ వెళ్లినవారు సెలవులకు వస్తే ఆ పెట్టెల్లో సబ్బులు, సెంట్లతో పాటు పిల్లలకు ఏదో ఒక అద్భుతం ఉండేది. మా మామూ తెచ్చినది ఇటుకలు పేర్చే ఆట. పై నుంచి పడే ముక్కలను తిప్పి వరుసలో అమర్చాలి. చిత్తూరులోని మా వీధి పిల్లలంతా దానికోసం వంతులు వేసుకునేవారు. కొన్ని నెలలకు అది మూగబోయింది. విప్పి చూశాము, లోపల ఒక పచ్చని పలక, దాని మీద ఒక నల్లని చుక్క. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మళ్లీ మూసి అటక మీద పెట్టేశాము.

ఆ తరం చేతి ఆటలన్నింటిలో ప్రసిద్ధమైనది జపానుకు చెందిన నింటెండో సంస్థ 1989లో తెచ్చిన గేమ్ బాయ్. దాని రూపకర్తలలో ముఖ్యుడైన గున్‌పే యోకోయి ఖరీదైన కొత్త సాంకేతికత వెంట పరుగెత్తలేదు. బాగా వాడుకలోకి వచ్చి, చవకైన భాగాలతోనే కొత్త వస్తువు చేయాలన్నది ఆయన పద్ధతి. రంగులు లేని చిన్న తెర, నాలుగు పెన్సిల్ బ్యాటరీలు. అయినా తరువాత వచ్చిన రంగుల రకంతో కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. అందులోని టెట్రిస్ ఆట మొత్తం 32 కిలోబైట్లలో ఇమిడిపోయింది. నేడు మన ఫోను తీసే ఒక్క ఫోటో దానికి నూరంతలు ఉంటుంది.

మా జిల్లాలోని శ్రీసిటీలో 2015 నుంచి సెల్‌ఫోన్లు తయారవుతున్నాయి. రేణిగుంట దగ్గర టీవీలు తయారవుతున్నాయి. మన ఆడపిల్లలు ఎందరో ఆ కర్మాగారాలలో పని చేస్తున్నారు. అయినా మన ఇళ్లలో ఫోను అంటే వేలితో తాకే గాజుపలక మాత్రమే. లోపల ఏముందో విప్పి చూసే ధైర్యం మాకు చిన్నప్పుడు ఉంది గానీ జ్ఞానం లేదు. మా అబ్బాయికి రెండూ దొరకాలని తలచి ఒప్పుకున్నాము.

బోర్డు, చిన్న తెర, మీటలు, బ్యాటరీ, మెమరీ కార్డు అన్నీ కలిపి సుమారు నాలుగు వేల రూపాయలైంది. కొన్ని తిరుపతిలోనే దొరికాయి. కొన్నింటికి వారం రోజులు ఎదురుచూశాము. పై కప్పుగా వాడి చెల్లెలి పాత ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా కుదిరింది. బ్యాటరీ విషయంలో మాత్రం మేము పట్టుబట్టాము. పాత ఫోను నుంచి తీసినదీ, ఉబ్బినదీ వాడరాదు. దాని రెండు కొసలు పొరపాటున కూడా కలవరాదు. ఆ బ్యాటరీ ఇచ్చేది సుమారు 3.7 వోల్టులు, బోర్డుకు కావలసినవి 5 వోల్టులు; కనుక నడుమ వోల్టేజీ పెంచి, ఛార్జింగును అదుపు చేసే చిన్న సర్క్యూటు పెట్టాలి. సోల్డరింగ్ కిటికీ పక్కనే చేయాలి, చేతులు కడుక్కోనిదే ఏమీ తినరాదు. ఈ షరతులకు వాడి తల్లి కాపలా కాసింది.

నాలుగో రోజు రాత్రి మీట నొక్కితే తెర తెల్లగా వెలిగింది. అంతే. అక్షరం లేదు, బొమ్మ లేదు. వాడు అన్నం తినకుండా పడుకున్నాడు. మరునాడు మధ్యాహ్నం వరకు తీగలన్నీ ఒక్కొక్కటిగా కాగితం మీద రాసుకుంటూ పోయి తప్పు పట్టుకున్నాడు. బోర్డు మీద 40 పిన్నులు రెండు వరుసలుగా ఉంటాయి. బోర్డును తిరగేసి సోల్డర్ చేసేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆ కారణంగా తెరకు బొమ్మల సమాచారం మోసే తీగ 19వ పిన్నుకు బదులు పక్కనున్న 20వ దానికి అతుక్కుంది. తెరకు వెలుగు అందింది గానీ వార్త అందలేదు. తీగ మార్చగానే తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. వాడు వేసిన కేకకు పక్కింటివారు కూడా వచ్చారు. ఫోనులో ఎన్ని ఆటలు గెలిచినా వాడి ముఖంలో ఆ వెలుగు మేము చూడలేదు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. వాడి మిత్రుడొకడు మెమరీ కార్డు ఇచ్చాడు. అందులో వేల కొద్దీ పాత ఆటలు. పాత యంత్రంలా ప్రవర్తించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాము ఉచితంగానే లభిస్తుంది, దానిని వాడటంలో దోషం లేదు. కానీ ఆటలు? "ఇవి ఎవరివి బేటా?" అని అడిగాము.

"ఎప్పటివో అబ్బా. ఇప్పుడు ఎవరూ అమ్మడం లేదు. ఎవరికి నష్టం?"

అది పూర్తిగా నిజం కాదని చెప్పాము. ఆనాటి గేమ్ బాయ్ ఆటలలో కొన్నింటిని నింటెండో నేటికీ చందాదారులకు అందిస్తోంది. మన 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్య రచనతో సమానం. రాసినవారి శ్రమ పాతబడినంత మాత్రాన దానిపై వారి హక్కు పోదు. పరుల సొమ్ము చిన్నదైనా పరుల సొమ్మే.

వాడు కాసేపు మౌనంగా ఉండి, మెల్లగా అడిగాడు: "మరి మన కంప్యూటరులో మీరు రాసుకునే సాఫ్ట్‌వేర్ కొన్నదేనా?"

ప్రియ పాఠకులారా, ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఏళ్లుగా ఈ శీర్షికను మేము రాస్తున్నది, ఎవరో తెచ్చి వేసిపోయిన దొంగ నకలులో. దానిని దొంగతనమని మేము ఏనాడూ అనుకోలేదు. అందరూ చేసేదే కదా అనుకున్నాము. బిడ్డకు అమానతు గురించి పాఠం చెప్పబోయి, ఆ పాఠం మేమే నేర్చుకోవలసి వచ్చింది. ఆ రాత్రే దానిని తొలగించి, అందరికీ ఉచితంగా అనుమతి ఉన్న లిబ్రే ఆఫీస్ వేసుకున్నాము. ఇందులో తెలుగు చక్కగా వస్తుంది. మొదటి వారం చేతులు తడబడ్డాయి. మీరు చదువుతున్న ఈ మాటలు దానిలో రాసినవే. మేము అది చేయడం చూశాక, వాడు ఆ కార్డును మిత్రుడికి తిరిగి ఇచ్చేశాడు. మేము అడగలేదు.

ఇప్పుడు ఆ డబ్బాలో ఉన్నవి కొన్నే. ఔత్సాహికులు పాత యంత్రాల కోసం కొత్తగా రాసి, పంచుకోవచ్చని అనుమతించిన ఆటలు నాలుగు. పైథాన్ భాషలో వాడు స్వయంగా రాసినది ఒకటి. ఆకాశం నుంచి తోతాపురి మామిడికాయలు రాలుతుంటాయి. బుట్టను అటూ ఇటూ జరిపి పట్టాలి. బొమ్మలు చెల్లెలు గీసింది. చిత్తూరు మామిడి తోటల పక్కన పెరిగిన దాదీ మొదటిసారి ఆడి, మూడు కాయలు జారవిడిచి, "పండినవి వదిలేసి పచ్చివి పట్టిస్తున్నావేమిరా" అని మనవడిని మందలించింది. మరునాడే పండ్లకు రెండు మార్కులు, కాయలకు ఒకటి అయ్యాయి.

ఫోను ఆటలలో చాలావాటికి ముగింపు ఉండదు. ముగియకుండా ఉండేటట్టే వాటిని తీర్చిదిద్దుతారు. కనుక పదిహేను నిమిషాలు కాగానే ఆట ఆగిపోవాలని వాడి తల్లి కోరింది. రెండు రోజులు బెట్టు చేసి, చివరికి ఆ నియమాన్ని వాడే రాశాడు. "కానీ అమ్మీ, రాసింది నేనే కనుక తీసేయడం కూడా నాకు వచ్చు" అని కూడా చెప్పాడు. ఆ మాట దాచకుండా చెప్పినందుకు మేము సంతోషించాము. పిల్లల చేతిలోని యంత్రానికి మనం ఎన్ని తాళాలు వేసినా, ఆ తాళం చెవి ఏదో ఒకనాడు వారి చేతికే వస్తుంది.

ప్రతి ఇంటా సోల్డరింగ్ జరగాలని మేము అనడం లేదు. సైకిలు విప్పడమో, కుట్టు మిషను బాగుచేయడమో, ఏదో ఒక వస్తువు లోపలి సంగతి పిల్లలకు తెలియనివ్వండి. వారితో కూర్చోండి. వారు తిరిగి అడిగే ప్రశ్నకు సిద్ధంగా ఉండండి.

మా అటక మీది ఇటుకల ఆటను వాడు మొన్న కిందికి దింపాడు. ఇంకా పలకలేదు. బల్ల మీద విప్పి ఉంది.