గద్దె వారసులకు లాంఛనాలు, దున్నినోళ్ల వారసులకు వాయిదాలు

ఎనిమిదో నిజాం ముకర్రం జా ఎన్నేళ్లు ఏలారు? 1967లో తాత మీర్ ఉస్మాన్ అలీఖాన్ పోయాక వారసుడై, 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు కనుక దాదాపు 56 ఏళ్లని లెక్కగట్టేవారున్నారు. 1971 డిసెంబరులో 26వ రాజ్యాంగ సవరణ రాజభరణాలను, సంస్థానాధీశుల గుర్తింపును రద్దు చేసింది కాబట్టి చట్టం లెక్కలో ఐదేళ్లు కూడా నిండవు. ఏలుబడి సంగతే అడిగితే ఒక్కరోజూ లేదు. హైదరాబాద్ సంస్థానం 1948 సెప్టెంబరులోనే లొంగిపోయింది. అయినా రాష్ట్ర ప్రభుత్వం అధికార లాంఛనాలతో ఆయనను సాగనంపింది. ఆ వెంటనే కుమారుడు అజ్మత్ జా ‘తొమ్మిదో నిజాం’ అయ్యారు. సంతాపం చెప్పడం మర్యాద, లాంఛనాలు జరపడం తప్పు. ఏ కుటుంబం ఎవరికి ఏ దస్తార్ (తలపాగా) చుడుతుందో అది వారి ఇంటి సంగతి. ప్రజల ఖజానాతో నడిచే సర్కారు దాని ముందు వంగి నిలబడకూడదు.

రాజుల ఏళ్లు లెక్కపెట్టే సరదా మనకొక్కరికే కాదు. ఫ్రాన్స్‌ను పద్నాలుగో లూయీ 72 ఏళ్లు ఏలాడని ఇప్పటికీ గొప్పగా చెబుతారు. 1643లో తండ్రి పోయేనాటికి ఆ పిల్లవాడికి నాలుగేళ్లు, రాజ్యం నడిపింది కార్డినల్ మజారిన్. మన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ను 1869లో మూడేళ్లయినా నిండకుండా గద్దెమీద కూర్చోబెట్టారు. ఆయన ఖాతాలో పడిన 42 ఏళ్లలో మొదటి పదిహేనేళ్ల బరువు మోసింది దివాను సాలార్‌జంగ్ వంటి వారు. బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ గద్దె మీద 70 ఏళ్లు ఉన్నారు, కొడుకు చార్లెస్‌కు వంతు వచ్చేసరికి 73 ఏళ్లు నిండాయి. తండ్రి ఎంత త్వరగా పోయాడు, తను ఎంతకాలం బతికాడు అన్న రెండు సంగతులు తప్ప ఈ అంకెల్లో పాలన ఎక్కడుంది?

హైదరాబాద్ శివారులోని బొంగులూరు దగ్గర నిలబడి చూస్తే ఈ లెక్క ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. సాగర్ రోడ్డు వెంట కాస్త ముందుకు పోతే ఇబ్రహీంపట్నం పెద్దచెరువు. దానితో పేరు ముడిపడిన ఇబ్రహీం కుతుబ్ షా తొలుత వారసుడే కాదు. 1543లో తండ్రి సుల్తాన్ కులీ హత్యకు గురయ్యాడు, అన్న జంషీద్ గద్దెనెక్కాడు, ఇంకో అన్న కళ్లు పోగొట్టారు. ఇబ్రహీం పారిపోయి ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల పంచన తలదాచుకున్నాడు. 1550లో తిరిగొచ్చి ముప్పై ఏళ్లు పాలించాడు. చెరువులు తవ్వించాడు, అద్దంకి గంగాధర కవి వంటి తెలుగు కవులను ఆదరించి వారి నోట మల్కిభరాముడయ్యాడు. అన్నం పెట్టిన రామరాయల మీదికే 1565లో కత్తి దూశాడు, అదీ మరవకూడదు. ఆయన వంశం 1687లో గోల్కొండ కోటతో పాటే ముగిసింది. చెరువు మిగిలింది.

ఇప్పుడు అసలు వారసత్వం మాట. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్‌బల్దా నిజాం సొంత సర్ఫేఖాస్ జిల్లా. 1949 ఫిబ్రవరిలో అది దివానీలో (సర్కారు భూముల్లో) కలిసింది, ఆ ఏడాదే జాగీర్లూ రద్దయ్యాయి. 1950 కౌలు చట్టం దున్నేవాడిని రక్షిత కౌలుదారుగా గుర్తించింది, తర్వాత వారికి యాజమాన్యం ఇచ్చే 38-ఇ ధ్రువపత్రాలు వచ్చాయి. ఆ కాగితాలు పొందినవారి మనవలు, మునిమనవలు విరాసత్ (వారసత్వ నమోదు) కోసం తహసీల్దారు ఆఫీసు మెట్లెక్కి దిగుతున్నారు. 2020 నాటి ధరణి పోర్టల్ పహాణీల్లో అనుభవదారు గడి లేకుండా పోయింది. ఔటర్ రింగు రోడ్డు వచ్చి, ఆదిబట్లలో కంపెనీలు వెలిసి, గజాల లెక్కన భూమి అమ్ముడవుతున్న చోట పాత కాగితం, పాత పేరు ఎంత విలువైనవో ఎవరికీ చెప్పక్కర్లేదు.

గద్దె వారసులకు న్యాయం అందకుండా పోలేదు. 1948లో నిజాం సొమ్ములోంచి లండన్ బ్యాంకులో వేసిన పది లక్షల పౌండ్లు మూడున్నర కోట్లయ్యాక, 2019లో అక్కడి హైకోర్టు భారత ప్రభుత్వానికి, నిజాం మనవలకు అనుకూలంగా తీర్పిచ్చింది. ఏడు దశాబ్దాలు వకీళ్లను పెట్టుకునే స్థోమత వారికి ఉంది. బొంగులూరు రైతుకు అది లేదు. అందుకే ఆ పని సర్కారే తలకెత్తుకోవాలి.

ప్రభుత్వ కాగితాల్లో, ఆహ్వానాల్లో ‘నిజాం’ బిరుదు ఏ వ్యక్తి పేరు ముందూ ఇక కనబడకూడదు. సర్ఫేఖాస్, పాయ్‌గా నవాబుల, జాగీరు భూముల సర్వే నంబర్లన్నీ గ్రామాలవారీగా బయటపెట్టాలి. ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది కనుక, రక్షిత కౌలుదారుల పాత రిజిస్టరును వారసుల పేర్లతో సహా ప్రతి పంచాయతీ గోడకు అతికించాలి. అభ్యంతరాలు గ్రామసభలోనే విని, అక్కడే విరాసత్ రాయాలి. ఇబ్రహీంపట్నం మండలంతోనే మొదలుపెట్టవచ్చు.